మూడో రోజు వాపు: పక్షవాతంలో రోగనిరోధక వ్యవస్థ పాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా బావకు ఎడమ పక్క పడిపోయి తిరుపతిలో ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, వార్డు బయట బల్లల మీద కూర్చున్న బంధువులందరి నోటా ఒకటే మాట వినిపించేది: "తలలో వాపు వచ్చిందట." ఆ వాపు ఏమిటో, ఎందుకు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. డాక్టర్లకు తీరిక లేదు. డిగ్రీ కాలేజీలో ఏళ్ల తరబడి జంతుశాస్త్రం చెప్పినవాడిని, అందులో రోగనిరోధక శక్తి పాఠం ఏటా నా వంతుకే వచ్చేది. అందుకని ఆ బల్ల మీదే నాకు తెలిసింది చెప్పడం మొదలుపెట్టాను. చిత్తూరు, పుంగనూరు, శ్రీకాళహస్తి నుంచి వచ్చినవాళ్లు అప్పుడు అడిగినవి, ఆ తర్వాత ఫోన్లలో అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మీ రోగి విషయంలో చివరి మాట న్యూరాలజిస్టుదే.

ఇది చదువుతుండగానే ఇంట్లో ఒకరికి మూతి వంకరపోయింది, మాట ముద్దగా వస్తోంది. ఏం చేయాలి?

చదవడం ఆపి 108కి ఫోను చేయండి. మనిషి చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నాడో ఆ సమయం కాగితం మీద రాసుకోండి, ఆస్పత్రిలో మొదట అడిగేది అదే. సీటీ స్కాన్, న్యూరాలజిస్టు రెండూ ఉన్న చోటికే నేరుగా వెళ్లాలి. తిరుపతిలో అయితే స్విమ్స్ లాంటి చోటికి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. కొందరికి ఇది 24 గంటల దాకా కూడా చేయవచ్చు. పెద్ద నాళం మూసుకుని చికిత్స అందకపోతే నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు నాడీకణాలు, చనిపోతాయని లెక్క. మా వార్డులో ఒకాయనను ముందు పసరు పోయించడానికి తీసుకెళ్లి, మర్నాడు మధ్యాహ్నం ఆస్పత్రికి తెచ్చారు. పసరు పోసినవాడిని తిట్టి లాభం లేదు, మోసుకెళ్లింది మనమే.

మెదడులో వాపు అంటే దెబ్బ తగిలిన వేలు వాచినట్టేనా?

కొంత వరకు. చిక్కంతా మన మాటలోనే ఉంది. నీరు చేరి ఉబ్బడాన్నీ వాపు అంటాం, దెబ్బతిన్న చోట రోగనిరోధక కణాలు చేరి చేసే హడావిడినీ వాపు అంటాం. డాక్టరు సీటీ ఫిల్ము చూసి చెప్పే వాపు మొదటిది. పరిశోధకులు చెప్పేది రెండోది, దాన్ని పాఠ్యపుస్తకాల్లో శోథ అంటారు. రెండూ చుట్టాలే కానీ ఒకటి కావు. ఈ పేజీలో మొదటిదాన్ని ఉబ్బు అనీ, రెండోదాన్ని శోథ అనీ అంటాను.

వేలుకూ మెదడుకూ రెండు తేడాలు. వేలు వాస్తే నొప్పి పుడుతుంది. మెదడు కణజాలానికి నొప్పి తెలియదు, కాబట్టి లోపల ఇంత జరుగుతున్నా రోగికి ఆ చోటు నొప్పి పుట్టదు. వేలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు.

గడ్డ అడ్డుపడి రక్తం ఆగింది, అంతే కదా? క్రిమి లేనప్పుడు రోగనిరోధక వ్యవస్థకు అక్కడ ఏం పని?

ఈ ప్రశ్న అడిగినది ఇంటర్ చదివే అమ్మాయి. నా క్లాసులో కూర్చుని ఉంటే పూర్తి మార్కులు వేసేవాడిని.

రోగనిరోధక వ్యవస్థ క్రిములను మాత్రమే వెతుకుతుందని మనం అనుకుంటాం. అది అపాయపు సంకేతాలను కూడా వెతుకుతుంది. కణం పగిలినప్పుడు లోపల ఉండాల్సిన సరుకు బయట పడుతుంది: కణానికి ఇంధనమైన ఏటీపీ, కేంద్రకంలో ఉండాల్సిన హెచ్‌ఎమ్‌జీబీ1 అనే ప్రోటీను, డీఎన్‌ఏ ముక్కలు. ఇంట్లో ఉండాల్సిన బియ్యం వీధిలో పారబోసి ఉంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందని అర్థం కదా, అలాగ. ఈ సరుకును గుర్తుపట్టే గ్రాహకాలు కొన్ని రోగనిరోధక కణాల పైన ఉంటాయి. వాటిలో టోల్ తరహా గ్రాహకాలు అనేవి బాక్టీరియాను పట్టుకునే అదే రకం. క్రిమి వచ్చినా, సొంత కణం పగిలినా గంట ఒకటే మోగుతుంది.

మెదడులో ఆ గంట మొదట వినేవి మైక్రోగ్లియా. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో దెల్ రియో ఒర్తేగా వీటిని వేరుగా గుర్తించి పేరు పెట్టాడు. మామూలు రోజుల్లో ఇవి సన్నని చేతులు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉంటాయి. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే వాటి తీరు మారుతుంది. చేతులు ముడుచుకుని గుండ్రంగా లావెక్కి, కబురు మోసే చిన్న ప్రోటీన్లను వదులుతాయి. వీటినే సైటోకైన్లు అంటారు: ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ ఆల్ఫా. డిశ్చార్జి కాగితాల్లో ఈ పేర్లు కనిపించవు. అయినా మీ రోగి జ్వరం వెనకా, మత్తు వెనకా ఇవి ఉండవచ్చు.

రక్తంలోని తెల్లకణాలు మెదడులోకి ఎలా వెళ్తాయి? అక్కడ గట్టి గోడ ఉంటుందంటారు.

ఉంటుంది. మెదడు రక్తనాళాల గోడ కణాలు ఒకదానికొకటి బిగుసుకుని ఉంటాయి, అనుమతి లేనిది లోపలికి పోదు. కానీ సైటోకైన్ల కబురు అందగానే నాళం లోపలి గోడ మీద కొన్ని పట్టుకొమ్మలు మొలుస్తాయి. లీలామహల్ సెంటరు దగ్గర ఆగీ ఆగని బస్సులోంచి దిగేవాడిని చూశారా? ముందు కడ్డీ పట్టుకుంటాడు, రెండడుగులు బస్సుతో పాటు పరుగెత్తుతాడు, వేగం తగ్గాక నేల మీద నిలబడతాడు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం కూడా అంతే. సెలెక్టిన్ అనే కడ్డీని తాకుతూ గోడ వెంట దొర్లుతుంది, ఐకామ్-1 అనే రెండో పట్టు దొరకగానే ఆగిపోతుంది, ఆ తర్వాత గోడలోని సందులోంచి ఒళ్లు సన్నగా చేసుకుని లోపలికి జారుతుంది. ఈ రాక స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిన కొన్ని గంటల్లో మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఉద్ధృతంగా ఉంటుంది.

వచ్చినవి ఊరకే ఉండవు. ఎమ్ఎమ్‌పీ-9 అనే ఎంజైమును వదులుతాయి. అది నాళాల గోడను కట్టి ఉంచే పదార్థాన్ని కోస్తుంది. గోడ వదులైతే నీరు, ప్రోటీన్లు మెదడులోకి కారతాయి, ఒక్కోసారి రక్తమే కారుతుంది. "గడ్డ కరిగించాం, కానీ లోపల రక్తం చిమ్మింది" అని డాక్టర్లు చెప్పే పరిస్థితికి ఇదొక కారణం. మరో సంగతి: న్యూట్రోఫిళ్లు తమ డీఎన్‌ఏను వలలా బయటికి విసురుతాయి. రోగుల నుంచి లాగి తీసిన గడ్డల్లో కూడా ఈ వలలు కనిపించాయి. అలాంటి గడ్డ అంత తేలికగా కరగదు.

మొదటి రోజు మాట్లాడాడు. మూడో రోజు పిలిచినా కళ్లు తెరవడం లేదు. ఆస్పత్రిలో ఏదైనా తప్పు చేశారా?

మా అక్క అడిగిన ప్రశ్న ఇదే, అచ్చం ఇవే మాటలతో. చాలా సందర్భాల్లో జవాబు: తప్పు కాదు, ఉబ్బు.

రక్తం అందని కణాలు మొదట తామే నీరు పీల్చి ఉబ్బుతాయి. తర్వాత పైన చెప్పినట్టు గోడ వదులై నాళాల నుంచి నీరు కారుతుంది. పెద్ద స్ట్రోకుల్లో ఇది సాధారణంగా మూడు నుంచి అయిదో రోజు మధ్య గరిష్ఠానికి చేరుతుంది. చిన్న డాక్టరొకరు బావ సీటీ ఫిల్మును ట్యూబులైటుకు ఎత్తిపట్టి చూపించాడు. ఎడమ సగంలో మెదడు మడతల మధ్య సన్నటి నల్లటి గీతలు స్పష్టంగా ఉన్నాయి. కుడి సగంలో ఆ గీతలు లేవు, బూడిదరంగు ముద్దలా ఉంది (ఒంటి ఎడమ పక్కను నడిపేది మెదడు కుడి సగమే). మధ్య గీత ఎడమవైపు కాస్త ఒరిగింది. ఆ ఒరగడమే డాక్టర్లకు భయం.

ఇక్కడ వయసు విషయంలో ఒక విచిత్రం ఉంది. ముసలివాళ్ల మెదడు కొంత కుంచించుకుపోయి పుర్రెలో కాస్త ఖాళీ ఉంటుంది, ఉబ్బుకు చోటు దొరుకుతుంది. నలభై ఏళ్లవాడికి ఆ చోటు లేదు. అందుకే పెద్ద స్ట్రోక్ వచ్చిన అరవై లోపు వయసువారికి పుర్రె ఎముక ముక్కను తీసి మెదడుకు చోటిచ్చే ఆపరేషన్ గురించి రెండు రోజుల లోపే అడుగుతారు. తీసిన ఎముకను తరచు రోగి పొట్ట చర్మం కింద భద్రపరిచి, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ తలలో అమరుస్తారు. వినగానే గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ ఆపరేషన్ ప్రాణం నిలిపే అవకాశాన్ని బాగా పెంచుతుందని పరీక్షల్లో తేలింది. వైకల్యం మిగలవచ్చని కూడా తేలింది. సంతకం పెట్టే ముందు ఆ రెండూ అడిగి తెలుసుకోండి.

వాపు అంటున్నారు కదా, స్టెరాయిడ్ ఇస్తే తగ్గదా? మా పెదనాన్న తలలో గడ్డకు ఇచ్చారు.

మీ పెదనాన్నది కణితి అయి ఉంటుంది. కణితి చుట్టూ చేరే నీటికి డెక్సామెథసోన్ బాగా పనిచేస్తుంది. గడ్డ అడ్డుపడి వచ్చిన స్ట్రోకులో అది మేలు చేసినట్టు తేలలేదు. పైగా చక్కెర పెంచుతుంది, ఇన్ఫెక్షన్‌కు తలుపు తీస్తుంది. బతిమాలి స్టెరాయిడ్ రాయించుకోవద్దు.

మరి శోథను ఆపే కొత్త మందులేవీ లేవా?

ఇదే అసలు కథ. ప్రయోగశాల ఎలుకల్లో శోథను ఆపితే స్ట్రోక్ దెబ్బ తగ్గడం ఎన్నోసార్లు చూశారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి తారుమారు.

ఇందాక చెప్పిన ఐకామ్-1 అనే పట్టును మూసేసే ఎన్‌లిమోమాబ్ అనే మందును 625 మంది మీద పరీక్షించారు. ఫలితాలు 2001లో వచ్చాయి. మందు తీసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువ, జ్వరాలు ఎక్కువ. ఆ మందు ఎలుక నుంచి తీసిన యాంటీబాడీ. మనిషి శరీరం దాన్నే పరాయిదిగా చూసి ఉండవచ్చు. నిప్పు ఆర్పడానికి తెచ్చిన నీళ్లలో కిరసనాయిలు కలిసినట్టయింది. ఆ తర్వాత తెల్లకణాలు మెదడులోకి పోకుండా అడ్డుకునే నటాలిజుమాబ్ అనే మందును పరీక్షించారు, మేలు కనిపించలేదు. ఇంటర్‌ల్యూకిన్-1 ను అడ్డుకునే అనాకిన్రా ఇస్తే రక్తంలో శోథ గుర్తులు తగ్గాయి, రోగి కోలుకోవడంలో మాత్రం తేడా కనబడలేదు. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి.

గౌటు అనే కీళ్ల జబ్బుకు వాడే కోల్చిసిన్ మీద ఆశ ఎక్కువ. మళ్లీ స్ట్రోక్ రాకుండా ఆపుతుందేమోనని రెండు పెద్ద పరీక్షలు చేశారు, రెండూ 2024లో వెలువడ్డాయి. చైనాలో ఎనిమిది వేలకు పైగా రోగులతో చేసినదాంట్లో మూడు నెలల్లో తేడా లేదు. యూరప్‌లో సుమారు 3,150 మందితో చేసినదాంట్లో తగ్గుదల కొంత కనిపించినా, అది కాకతాళీయం కాదని చెప్పేంత గట్టిగా లేదు. ఒక హెచ్చరిక: ఇదే కోల్చిసిన్ అగ్నిశిఖ తీగ దుంపలోనూ గింజల్లోనూ ఉంటుంది. దుంప నూరి తాగితే స్ట్రోక్ సంగతి దేవుడెరుగు, మనిషే మిగలడు.

ఎందుకిలా? నా లెక్కలో కారణం ఒకటి: ఈ కణాలు శత్రువులూ కావు, మిత్రులూ కావు. రెండో రోజు గోడ కోసిన జాతి కణాలే పదో రోజు చచ్చిన కణాల చెత్తను మింగి నేల శుభ్రం చేస్తాయి, కొత్త నాళాలు మొలవడానికి, మిగిలిన న్యూరాన్లు కొత్త కొమ్మలు వేయడానికి కావలసిన పదార్థాలు వదులుతాయి. నియంత్రక టీ కణాలు అనేవి ఇంటర్‌ల్యూకిన్-10 లాంటి శాంతి కబుర్లు పంపి గొడవను చల్లారుస్తాయి. ఎలుకకు గంట, నిమిషం లెక్కన ఒకే వయసులో స్ట్రోక్ తెప్పించి మందివ్వగలం. మనిషికి అరవై ఏళ్లకు, షుగరుతో, నిద్రలో, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా వస్తుంది. ఏ మందు అనే దానికన్నా ఏ రోజు అనే ప్రశ్నే కష్టమైనది.

రక్త పరీక్షలో న్యూట్రోఫిళ్లు 86 శాతం, లింఫోసైట్లు 8 శాతం అని వచ్చింది. ఇన్ఫెక్షన్ అనుకోవాలా?

ఒక్క ఆ కాగితంతో చెప్పలేం. పెద్ద స్ట్రోక్ వస్తే ఇన్ఫెక్షన్ లేకపోయినా న్యూట్రోఫిళ్లు పెరిగి, లింఫోసైట్లు అనే మరో రకం తెల్లకణాలు తగ్గుతాయి. రక్తంలో శోథను చూపే సీఆర్‌పీ అనే ప్రోటీను కూడా పెరుగుతుంది. జ్వరం, దగ్గు, ఛాతీ ఎక్స్‌రే, మూత్ర పరీక్ష అన్నీ కలిపి చూసి డాక్టరు తేలుస్తారు. ఆ కాగితాన్ని ఫోటో తీసి అమెరికాలో ఉన్న అల్లుడికి పంపి అర్ధరాత్రి అందరినీ కంగారు పెట్టకండి.

తలలో స్ట్రోక్ వస్తే ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఎందుకు వచ్చింది?

రెండు కారణాలు కలిసి వస్తాయి. తలలో శోథ మండుతుండగా మిగిలిన శరీరంలో రోగనిరోధక శక్తి పడిపోతుంది. మెదడు ఆపదలో ఉన్నప్పుడు అడ్రినలిన్ తరహా నరాల పని, కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోను రెండూ పెరుగుతాయి. వాటి ఒత్తిడికి లింఫోసైట్లు తగ్గిపోతాయి, ప్లీహం కుంచించుకుపోవడం కూడా చూశారు. శరీరం ఎందుకిలా చేస్తుంది? గోడ పగిలి మెదడు సరుకు బయటికి తెలిసిపోయిన సమయంలో, సొంత మెదడు మీదే దాడి మొదలుకాకుండా వ్యవస్థ తనను తాను తగ్గించుకుంటుందని ఒక వాదన. ఆ జాగ్రత్తకు మూల్యం ఇన్ఫెక్షన్.

రెండోది మింగుడు. గొంతు కండరాలు సరిగా పనిచేయక, తాగిన నీళ్లు, సొంత లాలాజలం కూడా ఊపిరితిత్తుల వైపు జారతాయి.

అలాగైతే అందరికీ ముందే యాంటీబయాటిక్ ఇస్తే పోలేదా? నెదర్లాండ్స్‌లో రెండున్నర వేల మందితో, బ్రిటన్‌లో మరో పరీక్షలో అదీ చూశారు. రెండింటి ఫలితాలూ 2015లో వచ్చాయి. రోగులు కోలుకోవడంలో తేడా రాలేదు.

పసుపు పాలు తాగిస్తే వాపు తగ్గుతుందని చెప్పారు. తాగించవచ్చా?

వద్దు, మింగుడు పరీక్ష అయ్యేవరకు ఏదీ నోట్లో పోయవద్దు. పసుపులోని కర్క్యుమిన్ గాజు పాత్రలో శోథను తగ్గిస్తుంది, నిజమే. కడుపులోకి వెళ్లాక రక్తంలోకి చేరేది బహు తక్కువ. స్ట్రోక్ రోగులకు మేలు చేసిందన్న గట్టి రుజువు లేదు.

బావ పక్క మంచం పెద్దాయనకు కోడలు రెండో రోజు చెంచాతో టీ పోయడం నేను చూశాను. మొదటి చెంచా బాగానే పోయింది. రెండోదానికి ఆయన దగ్గలేదు కానీ గొంతు మారింది, నీళ్లలోంచి మాట్లాడినట్టు గరగర వచ్చింది. నర్సు పరుగున వచ్చి చెంచా లాగేసింది. ఆ గరగర గుర్తుపెట్టుకోండి. దగ్గు రాకపోయినా టీ దారి తప్పిందని అర్థం. కోడలు ఏడ్చింది. ప్రేమతో పోసింది, ఎవరేమంటారు?

మరి పక్కన కూర్చున్న మేము శోథ విషయంలో చేయగలిగిందేమైనా ఉందా?

ఉంది, అదీ మందులకన్నా గట్టి రుజువుతో. ఆస్ట్రేలియాలో 19 స్ట్రోక్ వార్డులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు వార్డుల్లో నర్సులకు మూడు పనులు అప్పగించారు: జ్వరం రాగానే తగ్గించడం, చక్కెర గమనించి అదుపు చేయడం, మింగుడు పరీక్షించాకే నోటికి ఇవ్వడం. 2011లో వచ్చిన ఫలితం ప్రకారం, ఆ వార్డుల్లో మూడు నెలల తర్వాత చనిపోయినవారు, పరాధీనంగా మిగిలినవారు కలిపి 42 శాతం. మామూలు వార్డుల్లో 58 శాతం. కోట్లు పెట్టి చేసిన యాంటీబాడీ తేలేని తేడా ఒక థర్మామీటరు, చుక్క రక్తం, గ్లాసు నీళ్లు తెచ్చాయి. జ్వరం వస్తే దెబ్బతిన్న మెదడుకు ఇంధనం ఖర్చు పెరుగుతుంది, చక్కెర పెరిగితే శోథకు ఊతం. ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే వెంటనే నర్సుకు చెప్పండి. సొంతంగా నొప్పి మాత్రలు ఇవ్వకండి. వాటిలో కొన్ని రక్తస్రావం పెంచుతాయి.

స్ట్రోకుకు ముందు వారం రోజులు జ్వరం, దగ్గు. రెండింటికీ సంబంధం ఉందా?

ఉండవచ్చు. బ్రిటన్‌లో 2004లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ తర్వాత మొదటి మూడు రోజుల్లో స్ట్రోక్ ముప్పు మామూలుకన్నా మూడు రెట్లు కనిపించింది. ఆ తర్వాత వారాల్లో క్రమంగా తగ్గింది. నాళాల గోడలో ఏళ్లుగా పేరుకున్న కొవ్వు ఫలకం ఊరికే కొవ్వు కాదు, దాని నిండా రోగనిరోధక కణాలు ఉంటాయి. ఒంట్లో శోథ ఎగసినప్పుడు ఫలకం పగిలి గడ్డ కట్టడానికి వీలవుతుంది. బీపీ, షుగరు, బీడీ, చిగుళ్ల జబ్బు ఆ నిప్పును నెమ్మదిగా రాజేస్తుంటాయి. వీటిలో బీపీ మొనగాడు. పెద్ద వయసువారికి ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి.

వయసు 28. బీపీ లేదు, షుగరు లేదు. వాడికి స్ట్రోక్ ఎలా వచ్చింది?

ఈ వయసులో కారణం వేరుగా వెతుకుతారు. మన దేశంలో మరచిపోకూడనిది క్షయ. మెదడు పొరలకు క్షయ సోకితే అక్కడి నాళాల గోడల్లో శోథ పుట్టి అవి మూసుకుపోతాయి. కొన్ని వారాలుగా జ్వరం, తలనొప్పి, బరువు తగ్గడం ఉంటే తప్పకుండా చెప్పండి. తమాషా ఏమిటంటే, ఇక్కడ క్షయ మందులతో పాటు స్టెరాయిడ్ ఇస్తారు, అది ప్రాణాలు కాపాడుతుంది. పక్క మంచం రోగికి ఇచ్చి మీకు ఇవ్వలేదని గొడవపడేముందు ఇది గుర్తుంచుకోండి. బాలింతల్లో సిరల్లో గడ్డకట్టడం, నాళాల స్వయం రోగనిరోధక జబ్బులు కూడా కారణాలే.

మాది రక్తం చిమ్మిన స్ట్రోక్. ఇదంతా వర్తిస్తుందా?

శోథ వర్తిస్తుంది, గడ్డ కరిగించే మందు వర్తించదు, అక్కడ అది ప్రాణాంతకం. చిమ్మిన రక్తంలోని ఎర్రకణాలు రోజుల తరబడి పగులుతూ హీమ్, ఇనుము వదులుతాయి. మైక్రోగ్లియాకు అవీ అపాయపు సంకేతాలే. అందుకే రక్తపు ముద్ద చుట్టూ ఉబ్బు ఒకటి రెండు వారాల దాకా సాగవచ్చు.

ఇంటికి వచ్చాక ఊరికే ఏడుస్తున్నాడు, రోజంతా అలసట అంటున్నాడు. మనసు బలహీనమా?

కాదు. స్ట్రోక్ తర్వాత దిగులు ప్రతి ముగ్గురిలో ఒకరికి వస్తుంది. మెదడు దెబ్బ, శోథ మిగిల్చిన ఛాయలు, మంచాన పడ్డ బాధ, మూడింటికీ ఇందులో వాటా ఉండవచ్చు. చికిత్స ఉంది. "ధైర్యంగా ఉండు బావా" అని నేను నెల రోజులు అన్నాను, పని చేయలేదు. డాక్టరు రాసిన మాత్ర, పొద్దున పూట ఫిజియోథెరపీ పనిచేశాయి.

వాపు పూర్తిగా తగ్గిందన్నారు. చెయ్యి ఎందుకు రాలేదు?

ఉబ్బు తగ్గితే, దాని ఒత్తిడికి మూగబోయిన భాగం మాత్రమే లేస్తుంది. చచ్చిన భాగం పనిని పక్కవి నేర్చుకోవాలి. దానికి నెలలు పడుతుంది, మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ. బావ ఆరో వారంలో చొక్కా పైబొత్తం ఎడమ చేత్తో పెట్టుకోబోయి పదకొండుసార్లు జారవిడిచాడు. నేను లెక్కపెడుతున్నానని తెలిసి తిట్టాడు. తిట్టు స్పష్టంగా వచ్చింది.

కోలుకున్నాక మెట్ల దారిన కొండకు నడిచి వెళ్లవచ్చా? మొక్కు ఉంది.

బీపీ అదుపులో ఉండి, గుండె పరీక్ష అయి, నడక నిలకడగా ఉంటే డాక్టరును అడిగి నిర్ణయించుకోండి. అలిపిరి దారిలో మెట్లు 3,550. బావ పాదాల మండపం దాకా కర్రతో నడిచి, కొబ్బరికాయ కొట్టి, అక్కడి నుంచి బస్సు ఎక్కాడు.